గవ్వలపేట మీద ఆగిన క్రేను

నమోదు 61. తూర్పు గాలి, కెరటం తక్కువ.

ఈ చిట్టాలో గీతలు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. డ్రైవరు కళ్ళ చుట్టూ అంటించిన పట్టీల నుంచి ఒక గీత వస్తుంది, వేళ్ళకు చుట్టిన పట్టీల నుంచి ఇంకో గీత వస్తుంది. మొదటిది కంటి గీత, చూపు ఎటు తిరిగిందో చెబుతుంది. రెండోది చర్మం గీత, మనిషి ఎంత ఉలిక్కిపడిందో చెబుతుంది. ఆ నియమం పెట్టిన పెద్దలెవరూ సిగ్నల్ గదిలో ఒక్క పూటైనా కూర్చుని ఉండరు. గీతల వెనక మనుషులుంటారు. వాళ్ళ సంగతి రాయకపోతే గీతలు పిచ్చిగీతల్లాగే ఉంటాయి. అందుకని నేను రాస్తాను. నా పేరు దమయంతి, మాది అనంతపురం వైపు, చెరువు నిండితేనే పండగ చేసుకునే వంశం. అయినా సముద్రానికి అడ్డంగా కడుతున్న ఈ గోడ మీద సిగ్నల్ చూసేది నేనే. నాకంటే బాగా చూసేవాళ్ళు ఈ తీరంలో లేరు. గొప్పకు చెప్పడం కాదు, నిజంగానే లేరు.

పొద్దున కొర్లమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కణతలు స్పిరిట్‌తో తుడిచాను. మనిషికి ఇరవై ఆరేళ్ళుంటాయి, కొత్తపేట జాలర్ల పిల్ల. నన్ను అప్పా అంటుంది, వాళ్ళ వైపు అక్కను అలాగే పిలుస్తారు. కణతల మీద రెండు, కనుబొమ పైన ఒకటి, కంటి కింద ఒకటి పట్టీలు అంటించాను.

"ఈ జిగురేటప్పా, ఇంత సల్లగుంది?"

"ఫ్రిజ్జులో పెట్టింటి. కదలాకు."

ఎడమ, కుడి, పైన, కింద దీపాలు వెలిగించి గీత సరిచూసుకున్నాను. ఆమె ఎడమకు చూస్తే క్రేను ఎడమకు జరుగుతుంది, కిందికి చూస్తే సిమెంటు దిమ్మ కిందికి దిగుతుంది. చేతులకు పనే లేదు. వేళ్ళు కదిలితే రెండో గీత చెడుతుంది కాబట్టి వాటిని కుర్చీ చేతులకు కట్టేస్తాం. భయానికి హద్దుగా పెట్టిన భయం గీటును దాటి రెండో గీత లేచిందంటే క్రేను తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. ఇక కళ్ళకు నల్ల జోడు తగిలిస్తే కొక్కెం దగ్గరి బొమ్మ, నీటి అడుగుతో సహా, ఆమెకు కనిపిస్తుంది. ఆ బొమ్మ డ్రైవరుకు తప్ప ఎవరికీ రాదు. నాకు గీతలే.

మధ్యాహ్నం దాకా ఆరో ఖానాలో చివరి దిమ్మల్ని వెన్నలో కత్తి దిగినట్టు దించింది. తర్వాత ఏడో ఖానాకు వెళ్ళాం. గోడను తొమ్మిది ఖానాలుగా కడుతున్నారు, ఆరు అయ్యాయి. అక్కడ నీళ్ళ మీదికి వెళ్ళిన దిమ్మ దిగాల్సింది పోయి, ఉన్నట్టుండి నిలువెత్తున పైకి లేచింది. ఊగి, పక్క స్తంభాన్ని గీరుకుంది. కంటి గీత చూశాను. ఆమె పైకి చూసినట్టే ఉంది.

"పైకి ఎందుకు చూస్తివే?"

"నాను సూడనేదప్పా."

పట్టీ వదులై ఉంటుంది. రేపటికి సరిచేస్తాను.

నమోదు 62. గాలి లేదు, ఉక్క.

పట్టీలన్నీ మార్చాను. ఏడో ఖానాలో దిమ్మ మళ్ళీ లేచింది.

సాయంత్రం ఇన్‌ఛార్జి ముకుందం గారు గదికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ అచ్చులో ఉన్నదేదీ తప్పు కాదని నమ్మే రకం.

"పట్టీ అన్నారు, మార్చారు. మళ్ళీ లేచింది కదా దమయంతి గారూ?"

"పెట్టెలో సరుకే పాతది సార్. కొత్త పెట్టె విప్పుతాను."

"విప్పండి. కానీ చర్మం గీత చూశారా? రెండుసార్లూ ఉలుకు లేదు. దిమ్మ స్తంభాన్ని గీరుకుంటుంటే కూడా ఆ అమ్మాయి పీట మీద కూర్చుని బియ్యం ఏరుకున్నంత తాపీగా ఉంది."

ఆయన ఏమంటున్నారో నాకు తెలుసు. చర్మం గీత ఎగిరి తప్పు జరిగితే దాన్ని తడబాటు అంటారు. ఎగరకుండా జరిగితే ఉద్దేశం అంటారు. మొన్న త్రినాథ్ అనే డ్రైవరు బ్రేకు పడేలోపే దిమ్మను ఏకంగా పట్టాల మీద జారవిడిచి క్రేను చక్రాలు రెండు విరగ్గొట్టాడు. అతని గీత తారాజువ్వలా ఎగిరింది కాబట్టి తడబాటన్నారు, సెలవిచ్చి నిమ్మసోడా తాగించి ఇంటికి పంపారు. కొర్లమ్మ వల్ల పెచ్చు ఊడింది, అంతే. కానీ ఆమె గీత ఎగరలేదు. ఉద్దేశం మూడుసార్లు పడితే సీటు పోతుంది. ఈ గోడ మీదే కాదు, కళ్ళతో నడిపే ఏ యంత్రం మీదా జన్మలో మళ్ళీ కూర్చోనివ్వరు.

కొత్తపేట నుంచి చూపు సీటెక్కిన మొదటి మనిషి కొర్లమ్మ. ఆమెను చూసి ఇంకో నలుగురు ఆడపిల్లలు పరీక్షకు చదువుతున్నారు. ఈమె దిగిపోతే వాళ్ళనిక గేటు దగ్గరే ఆపేస్తారు. పైగా తుఫానుల కాలం వచ్చేలోగా గోడ పూర్తి కాకపోతే కొత్తపేట కూడా నీళ్ళపాలే. త్రినాథ్‌ను నమ్ముకుంటే వచ్చే ఏటికి కూడా అవదు.

ఇంత జరుగుతుంటే కొర్లమ్మ మెట్ల మీద కూర్చుని ఎండుచేపల కూరతో అన్నం తింటోంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఒక్క క్షణం నాకే అనిపించింది.

"నీకు భయం లేదా పాపా?"

"ఉన్నాదప్పా. సీటు పోద్దని రాత్రల్లా నిద్ర నేదు. కానీ ఆ కుర్సీలో కూకుంటే భయం రాదు. నానేటి సెయ్యను?"

నమోదు 63. ఆగ్నేయపు గాలి.

దొంగ దొరికాడు. నిన్నటిదాకా తప్పు ఎందుకు జరుగుతోందని చూశాను, ఈ రోజు ఎక్కడ జరుగుతోందో చూశాను. మొదటి ఆరు ఖానాల్లో కొర్లమ్మ కంటి గీత నిక్కచ్చిగా ఉంది. ఏడో ఖానాలో మాత్రమే గీత గూనిలా పైకి లేస్తోంది. మనిషిలో లోపముంటే అన్ని చోట్లా ఉండాలి. చోటులోనే లోపముంది. అడుగున పాత కరెంటు కేబుల్ ఏదో పడి ఉంది, దాని ప్రవాహం నా పట్టీల్లోకి దూరుతోంది. కంటి నుంచి వచ్చే కరెంటు చీమంత, కేబుల్‌లోది ఏనుగంత. ఇదే సంగతి ముకుందం గారికి చెప్పాను.

"అదే ఖానాలో త్రినాథ్ ఒక దిమ్మ దించాడుగా? అతనిది లేవలేదే?"

"అతను పొద్దున దించాడు సార్. అప్పటికి కేబుల్‌లో కరెంటు వచ్చి ఉండదు."

అంత ధీమాగా చెప్పాను గానీ, గదికి వచ్చాక ఆ మాట నాకే నచ్చలేదు.

మధ్యాహ్నం మూడోసారి లేచింది. చర్మం గీత కదల్లేదు. ఎల్లుండి విచారణ. అంతవరకు కొర్లమ్మ సీటెక్కకూడదు.

నమోదు 64. గాలి తగ్గింది, నీళ్ళు తేటగా ఉన్నాయి.

కేబుల్ పట్టుకుందామని మీటరు, గీతల పెట్టె, పట్టీలు తీసుకుని పడవెక్కాను. పడవ కొర్లమ్మ మేనమామ నూకయ్యది. కొర్లమ్మ, మరో ఇద్దరు జాలర్లు కూడా వచ్చారు. నేను పడవ అంచు పట్టుకున్న పట్టు చూసి నూకయ్య నవ్వాడు.

"అమ్మగోరూ, పడవ మిమ్మల్ని మోత్తాది, మీరు పడవని మొయ్యక్కర్నేదు."

ఏడో ఖానా దగ్గర పడ్డాక నూకయ్య ఇంజను ఆపేశాడు. పడవ దానంతట అది తేలుతూ పోతోంది. నేను మీటరు తీగ నీళ్ళలోకి వదిలి ముల్లు చూస్తున్నాను. ముల్లు కదలడం లేదు. కేబుల్ లేదు, గీబుల్ లేదు. నా రెండో రోగనిర్ధారణ కూడా నీళ్ళలో కలిసింది. చిరాకుగా తలెత్తి చూద్దును కదా, పడవలో ఎవరూ మాట్లాడటం లేదు. చుక్కాని పట్టుకున్న నూకయ్యతో సహా నలుగురూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. తెరిచిన కళ్ళు నా ఒక్కదానివే.

కొర్లమ్మ కళ్ళు తెరవకుండానే మోచేత్తో నన్ను పొడిచింది.

"ముయ్యప్పా. మనోల ఇల్లున్నాయి కింద."

మూశాను. రెండు ఊపిర్లు తీసేంతసేపు. తర్వాత నూకయ్య గొంతు సవరించుకుని ఇంజను వేశాడు. అప్పుడు చెప్పింది కొర్లమ్మ. మన లెక్కల్లో ఏడో ఖానా నుంచి తొమ్మిదోదాకా ఉన్న చోట గవ్వలపేట అనే ఊరుండేదట. ఈమెకు ఏడేళ్ళప్పుడు మునిగింది. బతికినవాళ్ళే కొత్తపేట కట్టుకున్నారు. ఆ ఇళ్ళ మీదుగా పడవ వెళ్ళేటప్పుడు కాసేపు కళ్ళు మూసుకోవాలి.

"దండం పెట్టుకోడానికా?" అన్నాను.

"దండమేటప్పా, దేవుడా? మరియాద. పైనించి ఎవులింటిలోకైనా తొంగిసూత్తే బాగుంటాదా? కూసింతసేపు కళ్ళు మూసుకుంటే ఆలు సర్దుకుంటారు. తరవాత సూసుకోవచ్చు."

ఒకరింటికి వెళ్ళేటప్పుడు వాకిట్లో ఆగి దగ్గుతాం చూడండి, అలాంటిదన్నమాట. నాకు ఒళ్ళు ఝల్లుమంది. నా వేళ్ళకు పట్టీలుంటే గీత కాగితం దాటి పోయేది.

"క్రేను మీద కూడా మూసుకుంటావా?"

"క్రేను మీదా?" అని ఆగింది. నీళ్ళ వైపు చూసింది. "ఏమో అప్పా. నాకు తెల్దు. ఆ జోడులో ఇళ్ళ కప్పులు కనబడతాయి. మూసుకుంటానేమో."

రెప్ప మూస్తే పడే గీత, పైకి చూస్తే పడే గీత అన్నదమ్ముల్లాంటివి. ఈ పని నేర్చుకునే ప్రతివాడికీ మొదటి పాఠం అదే. మామూలు రెప్పపాటు చిన్నది కాబట్టి యంత్రం దాన్ని ఏరి పారేస్తుంది. అంతకంటే ఎక్కువసేపు కన్ను మూసి ఉంచితే చూపు పైకి వెళ్ళిందనుకుని దిమ్మను ఎత్తేస్తుంది. పని చేస్తూ చేస్తూ అంతసేపు కళ్ళు మూసుకునే డ్రైవరు ఉంటుందని యంత్రం చేసినవాళ్ళకు తోచలేదు. ఇంత తెలిసిన నాకూ తోచలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు.

ఇంకోసారి తిరిగి రమ్మని నూకయ్యను అడిగి, ఈసారి అతనికీ ఆ ఇద్దరికీ పట్టీలంటించాను. ఊరు దాటేటప్పుడు ముగ్గురి కంటి గీతలూ ఒకేలా పైకి లేచాయి. ముగ్గురి చర్మం గీతలూ కదల్లేదు. వాకిట్లో దగ్గడానికి ఎవరి గుండె దడదడలాడుతుంది?

నమోదు 65. ముసురు.

విచారణ గదిలోకి వచ్చే ప్రతివారూ వరండాలోనే వేళ్ళ పట్టీలు కట్టుకోవాలి, అధికారులతో సహా. అందరి గీతలూ గోడ మీద తెరపై కనిపిస్తాయి. అబద్ధమాడితే గీత పట్టిస్తుందని ఒక నమ్మకం. ఈ రోజు ఆ ఆచారం నాకు చుట్టంలా పనికొచ్చింది.

పొద్దున్నే గదిని నీళ్ళతో కడిగించి, గుమ్మానికి పసుపు రాయించి, ముందు ముగ్గు పెట్టించాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు లోపలికి వెళ్ళి కూర్చున్నారు.

ముకుందం గారు నియమం చదివారు. "మూడుసార్లు తప్పు జరిగింది. మూడుసార్లూ చర్మంలో చలనం లేదు. తెలియక చేసిన తప్పయితే చలనం ఉండాలి. లేదు కాబట్టి ఇది ఉద్దేశం."

నేను గవ్వలపేట సంగతంతా చెప్పాను. పడవలో తీసిన గీతలు చూపించాను. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"పడవలో మూసుకుంటారు, ఒప్పుకుంటాను. కానీ క్రేను మీద కళ్ళు మూసుకోకూడదని ఆ అమ్మాయికి తెలుసు కదా. తెలిసీ చేస్తే ఉద్దేశం కాదా? తాను చేసేది మనిషికి తెలియకుండా ఉంటుందా?"

"సైటులో భద్రతా బూట్లు విప్పవచ్చా సార్?"

"ఎక్కడా విప్పకూడదు. మొదటి నియమమే అది."

"మీ బూట్లు ఎక్కడున్నాయి?"

ఆయన బల్ల కిందికి చూసుకున్నారు. మేజోళ్ళున్నాయి, బూట్లు లేవు. ఆయనవే కాదు, గదిలో ఉన్న అందరి బూట్లూ గుమ్మం బయట వరసగా ఉన్నాయి. నావి కూడా. ముగ్గు పెట్టించినదాన్ని నేనే అయినా, నావి ఎప్పుడు విప్పానో నాకు గుర్తులేదు.

"గుమ్మం దాటినప్పటి మీ గీత చూడండి సార్. చలనం లేదు. మొదటి నియమం తప్పారు, చర్మం కదల్లేదు. ఇది ఉద్దేశమా?"

ఆయన గీత అప్పుడు ఎగిరింది. గదిలో అందరూ తెర వైపు చూసి తలలు దించుకున్నారు. త్రినాథ్ మాత్రం ఆపుకోలేక నవ్వేశాడు.

ముకుందం గారు తన మేజోళ్ళ వైపు మళ్ళీ చూసుకున్నారు. ఆయన కోపం తెచ్చుకుంటే ఏం చేయాలో కూడా నేను ఆలోచించి పెట్టుకున్నాను, కానీ ఆ అవసరం రాలేదు.

"మా అమ్మ కొట్టి నేర్పింది," అన్నారు చివరికి. "సరే. మీరేం చేయమంటారు?"

"కన్ను మూస్తే దిమ్మ లేవకూడదు, ఉన్నచోటే ఆగాలి. యంత్రంలో ఆ ఒక్క మాట మారుస్తాను."

"ప్రతి దిమ్మకూ పని ఆగుతుంది కదా?"

"రెండు ఊపిర్లసేపు సార్. త్రినాథ్ సోడా తాగే టైములో పది దిమ్మలు దిగుతాయి."

మూడు ఉద్దేశాలూ కొట్టేశారు. బయటికి వచ్చాక కొర్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు. ఆ సంగతి మా ఆయనకూ తెలుసు.

నమోదు 70. ఉత్తరపు గాలి, కెరటం ఎక్కువ.

ఏడో ఖానా అయింది, ఎనిమిదోది అయింది. ప్రతి దిమ్మా ఊరి మీదికి వచ్చి ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత దిగుతుంది. ఒక్క పెచ్చు ఊడలేదు. మొన్న త్రినాథ్ గీతల్లో కూడా ఆ ఆగడం కనిపించింది. అడిగితే, "మొత్తం ఊరే కనిపిస్తుంటే ఎలా అండీ మరి," అని గొణిగాడు.

వాయుగుండం పట్టిందని కబురు. తొమ్మిదో ఖానాలో ఒక్క దిమ్మ మిగిలింది. దాని చోటు మ్యాపులో చూసి కొర్లమ్మ నెమ్మదిగా చెప్పింది, అది వాళ్ళ ఇల్లని. సముద్రం వైపు చివరి ఇల్లు. ముందు మునిగింది కూడా అదే. వాళ్ళ అమ్మ అందులోంచి బయటికి రాలేదు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఆ మాట నాతో అనలేదు.

ముకుందం గారికి చెప్పాను. ఆయన వెంటనే త్రినాథ్‌ను పిలిపిస్తానన్నారు. కొర్లమ్మ ఒప్పుకోలేదు.

"మా ఇంటి మీద రాయెయ్యడానికి పరాయోలెందుకు సార్. నానే ఏత్తాను."

నమోదు 71. ఉత్తరపు గాలి, జల్లులు.

కణతలు తుడిచాను. జిగురును అరచేతిలో వెచ్చబెట్టి రాశాను. దీపాలు సరిచూశాను. భయం బ్రేకు పడితే తీసేయడానికి నా దగ్గర తాళం ఉంటుంది. కొర్లమ్మ దాన్ని చూసింది.

"అది తియ్యకప్పా. బ్రేకు పడితే పడనీ."

దిమ్మ గాలికి కొంచెం ఊగుతూ తొమ్మిదో ఖానా మీదికి వచ్చింది. ఇక్కడ ఆమె కళ్ళు మూసుకుంటుంది, కంటి గీత లేస్తుంది, క్రేను ఆగుతుంది. ఎంతసేపైనా ఆగనిమ్మని ముకుందం గారికి ముందే చెప్పిపెట్టాను. గీత లేవడం కోసం చూస్తున్నాను.

లేవలేదు. కిందికి దిగింది. అదే సమయంలో చర్మం గీత నిట్టనిలువుగా లేచి భయం గీటును దాటేసింది. బ్రేకు పడింది. దిమ్మ నీళ్ళకు జానెడు పైన నిలిచిపోయింది. కంటి గీత మాత్రం ఆగలేదు. ఎడమకు వెళ్ళింది, కుడికి వెళ్ళింది, మళ్ళీ ఎడమకు వచ్చింది, నింపాదిగా.

మైకు నొక్కాను. "కొర్లమ్మా, కండ్లు మూసుకోలేదేమి?"

"మా ఇల్లేనప్పా," అంది. "మన ఇంటిలోకి మనం సూసుకుంటే తప్పేటి?"

రెండో మైకులో ముకుందం గారు. "ఎందుకు ఆగింది? గాలి పెరుగుతోంది."

"ఇల్లు చూసుకుంటోంది సార్. ఆగండి."

ఆయన మైకు ఆపేశారు. తాళం నా చేతిలోనే ఉంది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగి గీతలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. తుడుచుకుని చూశాను.

"అరుగు అలాగే ఉన్నాదప్పా," అంది కొర్లమ్మ. "వంటింటి గోడ పడిపోనాది. మా యమ్మ నీళ్ళ తొట్టి ఉన్నాది. సిన్నది. అప్పుడు సానా పెద్దదనుకున్నాను."

నేను ఊఁ కొట్టాను. చర్మం గీత పైనే వణుకుతూ ఉండి, ఉండి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. భయం గీటు కిందికి వచ్చాక బ్రేకు దానంతట అదే ఊడింది.

"దించుతున్నాను," అంది.

ఆమె కిందికి చూస్తేనే దిమ్మ కిందికి దిగుతుంది. అరుగునూ ఆ తొట్టినీ చూస్తూనే దించింది. చూపు పక్కకు పోలేదు, రెప్ప పడలేదు. దిమ్మ నీళ్ళు చిమ్మకుండా దిగి తన చోట్లో కూర్చునేవరకూ కంటి గీత దాని వెంటే ఉంది.